ఎర్ర చుక్కలు

“నోరు తెరువు నాన్నా! ఏం మింగావు? తెరువు!”

నాలుగేళ్ల పిల్లాడు పెదాలు మరింత బిగించాడు. తెల్ల చొక్కా భుజం మీద నాలుగు ఎర్ర చుక్కలు. గడ్డం మీద ఎర్రటి మరక. కిటికీ కింద నేల మీద ఇంకా తడి ఆరని చుక్కలు. సీతాకోకచిలుకల కోసం పిల్లలు గొంగళిపురుగులు పెంచుతున్న అట్టపెట్టె మూత పక్కన పడి ఉంది. లోపల పుల్లకు వేలాడుతున్న గూళ్లన్నీ ఖాళీ.

తల్లి వాడి గడ్డం పట్టుకుంది.

“వాటిని తిన్నావా?”

వాడు అడ్డంగా తలూపాడు.

“ఎక్కడ నొప్పి?”

మళ్లీ అడ్డంగానే. చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని కర్టెన్ వైపు చూశాడు. ఆ వేలూ ఎర్రగానే ఉంది. తల్లి ఇంకేమీ చూడలేదు.

“మాట్లాడరా! పోనీ ఏడవనైనా ఏడవరా!”

తల్లి వాణ్ని చంకనేసుకుని, గుమ్మం దగ్గర కాలికేదో గీరుకున్నా ఆగకుండా మెట్ల మీదికి పరుగెత్తింది.

పై వాటాలో ఉండే నర్సు డ్యూటీకి బయల్దేరుతూ తలుపు తాళం వేస్తోంది.

“పిన్నీ! వీడు నెత్తురు కక్కుతున్నాడు. మాట పడిపోయింది పిన్నీ!”

తల్లి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నర్సు గబగబా తాళం తీసి, పిల్లాణ్ని బల్ల మీద కూర్చోబెట్టింది. కళ్లు, ముక్కు, చెవులు చూసింది. పొట్ట నొక్కింది. చంకలో చక్కిలిగింత పెట్టేసరికి వాడు నోరు తెరవక తప్పలేదు. నాలుక మీద చిన్న గాటైనా లేదు.

“దెబ్బ లేదు, గీత లేదు. మరి ఎక్కడిదిరా ఈ ఎరుపు?”

వాడు గుసగుసగా అన్నాడు. “మాట్లాడకూడదు. భయపడి కింద పడిపోతాయంది అక్క.”

“ఏవిరా?”

ముగ్గురూ కిందికొచ్చేసరికి, స్నానం చేసొచ్చిన ఎనిమిదేళ్ల అక్క కర్టెన్ ముందు నిలబడి ఉంది. “ష్!” అంది. కర్టెన్ మడతల్లో మూడు సీతాకోకచిలుకలు ముడుచుకున్న తడి రెక్కలతో వేలాడుతున్నాయి. చూస్తుండగానే ఒకదాని నుంచి ఎర్రటి చుక్క టప్పున నేల మీద పడింది.

“రక్తం కాదమ్మా. గూట్లోంచి వచ్చాక అలా ఎర్రనీళ్లు వదులుతాయి. టీచర్ చెప్పింది.”

తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. కొడుకును గుండెకు అదుముకుంది.

“నా పై ప్రాణాలు పైనే పోయాయి కదరా!”

నర్సు నవ్వుకుంటూ గుమ్మం దాటింది. తాళం వేసి రావడానికి రెండు మెట్లెక్కి ఆగింది. వంగి, మెట్టు మీది ఎర్ర మరకను వేలితో అద్ది చూసింది. వెనక్కి తిరిగి తల్లి దగ్గరకు వచ్చేసరికి మొహంలో నవ్వు లేదు.

“ఏమే, సీతాకోకచిలుకలు మెట్లెక్కలేదు కదా! అక్కడ పొడుగునా ఉన్నది నెత్తురే. ఏదీ, నీ కాలు చాపు.”