నూరు దాటితే వణుకు

"నూరు దాటితే చాలు, కారు గజగజ వణుకుతోందయ్యా!" అల్లుడు మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. చక్రాలు సరిచేయించినా, టైర్లు మార్పించినా వణుకు తగ్గలేదు.

"నేను వెనక కూర్చున్నప్పుడు ఎన్నడూ వణకలేదే!" అంది వద్దన్నా వెంట వచ్చిన అత్తగారు.

మెకానిక్ మొదట అల్లుడొక్కడినే ఎక్కించుకుని హైవే మీద తిప్పాడు. ఇద్దరి పళ్ళూ టకటకలాడాయి. తర్వాత అత్తగారిని కూడా ఎక్కించుకున్నాడు. కారు నీళ్ళ మీద పడవలా సాగింది.

తిరిగొచ్చి మెకానిక్ కారు కిందికి దూరాడు. "వెనక పొడుగు స్ప్రింగులు వేయించారా సార్? అందుకే ఇంజిన్ నుంచి వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టు వాటం తప్పింది. అమ్మగారు కూర్చుంటే ఆ బరువుకి మళ్ళీ వాటంలోకొస్తోంది."

"ఆవిడ కూర్చుంటే వెనక దిగిపోతోందనే కదయ్యా వేయించింది!"

"పాత స్ప్రింగులు తెచ్చివ్వండి. సాయంత్రానికల్లా బిగించేస్తా."

అల్లుడికి ప్రాణం లేచివచ్చింది. "ఇంట్లోనే ఉన్నాయి. ఇప్పుడే తెస్తా!"

"అవా? మొన్ననే పాత ఇనుము వాడికి వేసేశాను బాబూ," అంటూ అత్తగారు వెనక సీట్లో దర్జాగా సర్దుకు కూర్చుంది. "ఇంక పద. ఇవాళ ఎటు తీసుకెళ్తావు?"