లోతు లేని గుంట

“ఆ ముక్క ఇంకోసారి చదువమ్మా” అన్నాడు కిటికీ బయట నిలబడ్డ మనిషి.

తొమ్మిదో తరగతి అంతా గొల్లున నవ్వింది.

చదువుతున్న ఝిలి మాత్రం నవ్వలేదు. మళ్ళీ చదివింది. అతను కళ్ళు మూసుకుని విని, తలూపి వెళ్ళిపోయాడు.

ఒడిశాలో సువర్ణరేఖ నది ఒడ్డున ఉన్న ఆ హైస్కూల్లో శనివారం ఇంగ్లీషుకి పుస్తకం తీయరు. బిభూతి సార్ బాలేశ్వర్ నుంచి వస్తూ ఇంగ్లీషు పేపర్లు తెచ్చి, వార్తలు కత్తిరించి బెంచీకొకటి పంచుతారు. ఎండలు, ఫోన్లు, వలసలు, ఇసుక. మన నది సంగతి ఇంగ్లీషులో చదవగలిగిన రోజున ఇంగ్లీషు కూడా మనదే అవుతుందని ఆయన నమ్మకం.

ఝిలికి ఇసుక వార్తలే కావాలి.

ఆమె పక్కన కూర్చునే మినతి, జూన్‌లో వచ్చే రజ పండగ ముందురోజు నదిలో స్నానానికి దిగి, ఇసుక తవ్విన గుంటలో మునిగి చనిపోయింది. కాలు జారిందని రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు. ఒడియాలో పెట్టిన మూడు అర్జీలకు జవాబు లేదు. ఇక ఇంగ్లీషులో పేపరుకే రాస్తానని ఝిలి పట్టుపట్టింది. తన తప్పులు తనే దిద్దుకుంటానని, సాయం చెయ్యొద్దని సార్‌కి ముందే చెప్పేసింది.

తరవాతి శనివారం బడి వదిలేదాకా ఆ మనిషి గేటు దగ్గరే ఉన్నాడు. చేతిలో చిన్న కాగితం. దాని మీద, బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు, వంకర అక్షరాలతో ఒకే ఒక్క మాట.

“ఇదేంటమ్మా?”

“యాక్సిడెంటల్. ఎవరి తప్పూ లేకుండా, అనుకోకుండా జరిగిందని.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పై వారం తెచ్చిన మాట ‘షాలో’.

“లోతు లేనిది మౌసా” అంది ఝిలి, బాబాయిని పిలిచినట్టు. “మోకాళ్ళ దాకా నీళ్ళుంటాయి చూడు, అలా.”

“మనిషి మునిగే గుంటని అలా అనొచ్చా?”

“అంటే పరీక్షలో సున్నా వేస్తారు.”

మూడో వారం ‘వాలంటరిలీ’ తెచ్చాడు. ఎవరూ బెదిరించకుండా, తనంత తానే ఇష్టపడి చెయ్యడమని ఝిలి చెప్పింది. అతను ఆ రోజు మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

పిల్లలు అతనికి ఇంగ్లీషు మౌసా అని పేరు పెట్టేశారు. ముసలితనంలో కలెక్టరు పరీక్షకి కూర్చుంటాడు కాబోలని తరగతిలో బాబులా అనే కుర్రాడు రోజూ ఎగతాళి.

నాలుగో శనివారం ఆ బాబులాయే పరుగెత్తుకొచ్చాడు. ఇంగ్లీషు మౌసా ఇసుక కాంట్రాక్టరు దగ్గర తవ్వే యంత్రం నడుపుతాడట. పేరు సోనారాం. నది రేవు దగ్గర యంత్రం మీద కూర్చుని ఉండగా బాబులా వాళ్ళ నాన్న చూశాడట.

ఝిలి తిన్నగా గేటు దగ్గరికి నడిచింది.

“మినతి పడ్డ గుంట తవ్వింది నువ్వేనా?”

“నేనే.”

అబద్ధం చెబుతాడనుకుంది. అతని చేతిలోని కాగితం లాక్కుని, చూడకుండానే నలిపి మట్టిలోకి విసిరింది.

“నేను రాసే ఉత్తరం చదివి మీ కాంట్రాక్టరుకి చేరవెయ్యడానికా నీకు ఇంగ్లీషు? ఇంకోసారి ఈ గేటు దగ్గర కనిపిస్తే రాళ్ళు పడతాయి.”

అతను వంగి కాగితం తీసుకున్నాడు. మట్టి దులిపాడు.

“సరే తల్లీ. ఇదొక్కటే మిగిలింది. ఇంకెక్కడైనా కనుక్కుంటాను.”

మళ్ళీ రాలేదు.

ఝిలి ఉత్తరం పదకొండుసార్లు తిరగరాసింది. పన్నెండోసారి సార్ చూసి, ఒకే ఒక్క తప్పు చూపించి, అదీ నువ్వే దిద్దుకో అన్నారు. పేపరు వాళ్ళు దాన్ని ఓ మూల చిన్నగా వేశారు. నెల తిరక్కుండా మేజిస్ట్రేటు విచారణ మొదలైంది.

చలి ముదిరాక ఒక శనివారం సార్ ఒకే ఒక్క వార్త కత్తిరించి తెచ్చారు. తిన్నగా ఝిలి చేతికిచ్చారు.

“నువ్వే చదువు. ఆ సోనారాంని పనిలోంచి తీసేశారు. మొన్న పెళ్ళాం పిల్లలతో ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఎటో ఎవరికీ తెలీదు.”

ఝిలి లేచి నిలబడి చదివింది. నిఘంటువు తెరవలేదు. వాక్యం చదవడం, దాన్ని ఒడియాలో చెప్పడం, మళ్ళీ చదవడం.

అర్జీలు మొదలైనప్పుడే కాంట్రాక్టరు మనుషులు సోనారాం పేరున ఇంగ్లీషులో వాంగ్మూలం రాసి, వేలిముద్ర వెయ్యమని అతని చేతికిచ్చారట. గుంటకి లోతు లేదని, చావు అనుకోకుండా జరిగిందని, ఇదంతా ఇష్టపడి చెబుతున్నానని అందులో ఉందట. సోనారాం ఆ కాగితాన్ని మేజిస్ట్రేటు ముందు పెట్టి, ఇందులో ఒక్క మాటా నిజం కాదన్నాడట. చదువు రాని నీకు ఇందులో ఏముందో ఎవరు చెప్పారని అడిగారట. ఒక్కో మాటా అడిగి తెలుసుకున్నాను, చెప్పినవాళ్ళ పేరు మాత్రం చెప్పను అన్నాడట.

బాబులా తల దించుకున్నాడు.

ఒక వాక్యాన్ని ఝిలి మూడోసారి చదివింది. సార్ చెయ్యి చాపారు, కాగితం తను తీసుకుంటానన్నట్టు. ఆమె ఇవ్వలేదు.

అంత లోతుందని కచ్చితంగా ఎలా చెబుతున్నావని మేజిస్ట్రేటు అడిగితే, “తవ్వినప్పుడు తెలీలేదు బాబూ, ఆ పిల్లకోసం దూకి మూడుసార్లు మునిగినప్పుడు తెలిసింది” అని సోనారాం చెప్పినట్టు ఆ వార్తలో చివరి వాక్యం.