ముసుగు తీసిన రోజు

“ముసుగు తీయకముందే జవాబు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి,” అంది కమిటీ పెద్ద ఒడీల్.

ఆ లెక్క చేసినవాళ్లలో ఒకతైన మారైకె చేతిలోని కాగితాల్లోకి చూపు దించేసింది. జెనీవాలోని ఆ హాల్లో ఏ లెక్క తేల్చబోయినా ముందు అడిగే ప్రశ్నే అది. ఈసారి మీసాన్లనే బరువైన కణాలు విరిగినప్పుడు పుట్టే పిల్లకణాలు ఎటు తిరుగుతున్నాయో కొలిచారు. పదార్థానికీ ప్రతిపదార్థానికీ అందులో తేడా ఉందా లేదా అన్నది తేలాలి. తేడా రావాలన్న ఆశ లెక్కలో దూరకుండా, కంప్యూటరే అసలు అంకెకు చివరిదాకా ముసుగేసి ఉంచుతుంది. నిన్న సాయంత్రం మారైకె మనసాగక ఆ ముసుగు ఎత్తి చూసింది. తేడా సున్నా.

ఆ సంగతి బయటపడితే ఇన్నేళ్ల లెక్కా చెత్తబుట్టలోకే. వెనకే ఆమె ఉద్యోగమూను.

“ఏంటమ్మాయ్, అలా పాలిపోయావ్?” పక్కనున్న ప్రొఫెసర్ ఆన్సెల్మ్ గొంతు తగ్గించి అడిగాడు.

“ఏం లేదండీ.”

“అయితే నోరు మూసుకుని కూర్చో. అంతా మంచే జరుగుతుంది.”

ఒడీల్ హాలంతా ఒకసారి కలయజూసింది. ఆ తర్వాత మీట నొక్కింది. తెర మీద అంకె పడింది. తేడా! అంతా ఇంతా కాదు, ఇంతవరకూ ఎవరూ కనీవినీ ఎరగనంత తేడా. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆన్సెల్మ్ అయితే అరచేతులు కందిపోయేలా కొడుతున్నాడు.

మారైకె మాత్రం చప్పట్లు కొట్టలేదు. నిన్నటి సున్నా ఏమైపోయింది? ఎవరో అంకె మార్చేశారు! చెబుదామంటే తన దొంగచూపు ఒప్పుకోవాలి. ఊరుకుంటే ఈ అబద్ధాన్నే లోకమంతా నిజమని చదువుకుంటుంది. కుర్చీ పట్టుకుని లేచింది.

“ఆపండి! అది తప్పు. నిన్న నేను చూశాను. సున్నా ఉంది.”

చప్పట్లు ఆగిపోయాయి.

“పిచ్చిగానీ పట్టిందా నీకు? కూర్చో!” ఆన్సెల్మ్ ఆమె చెయ్యి పట్టి లాగాడు. “ఈ అమ్మాయి మాటలు పట్టించుకోకండి ఒడీల్ గారూ, నిద్రలేక ఏదో వాగుతోంది.”

ఒడీల్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఆ తప్పు అంకె పెట్టింది నేనే. నిన్న ముసుగు ఎత్తినవాళ్ల పేర్లు కంప్యూటర్ నాకు చెప్పేసింది. నోరు విప్పేదెవరో చూద్దామనుకున్నాను.”

మారైకె తల దించుకుంది. ఒడీల్ మాత్రం ఆమె వంక చూడనేలేదు.

“ఎత్తింది ఇద్దరు, ఆన్సెల్మ్ గారూ. ఆ ఇద్దరిలో చప్పట్లు కొట్టింది మీరొక్కరే.”