ఆరో నంబర్

ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు మొదటి నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. ఆట మధ్యలో కరెంటు పోతే కెప్టెన్ నంబర్ పిలుస్తాడు. ఆ నంబర్ ఆటగాడు బంతిని అన్నిసార్లు నేలకు కొట్టి, తానున్నానని చెబుతాడు.

సకల జనుల సమ్మె రోజులవి. కెప్టెన్ ఐలేశ్ తన బదులు ఆరో నంబర్ మాజిద్‌ను స్టేషన్ ఘన్‌పూర్ ధర్నాకు పంపాడు. మాజిద్ తిరిగి రాలేదు. నాలుగు రోజులుగా ఐలేశ్ వెతకని ఠాణా లేదు, దవాఖాన లేదు.

బస్సులు లేక, మాజిద్ తల్లి రషీదా బేగం మహబూబాబాద్ నుంచి లారీలో వచ్చి రాత్రి బాస్కెట్‌బాల్ కోర్టు గట్టు మీద ఐలేశ్ పక్కన కూర్చుంది. కరెంటు పోయింది.

"వాణ్ని పిలువు బేటా."

"గిట్ల పిలిస్తే వస్తడా అమ్మీ?"

"నువ్వు పిలిస్తే అన్నం ముందలకెల్లి లేచి ఉరికెటోడు. జర పిలువు."

"ఆరు!" ఐలేశ్ చీకట్లోకి అరిచాడు.

తర్వాత కోర్టు అవతలి కొసన బంతి మోగింది. సరిగ్గా ఆరుసార్లు.

"నా కొడుకే!" రషీదా బేగం చీకట్లోకి పరుగెత్తింది.

ఐలేశ్ కదల్లేదు. జట్టుకున్న ఒక్క బంతీ అతని చంకలోనే ఉంది.

"దొరికిండు బేటా!" అవతలి నుంచి ఆమె నవ్వు వినిపించింది. "బంతి నీకాడుందట. ఇటు విసరమంటుండు."