ఎండిన మోట

అంగడికి పోయిన భూమన్న ఎడ్లు లేకుండా తిరిగొచ్చాడు. చేతిలో ముల్లుకర్ర ఒక్కటే ఉంది.

"ఎడ్లేయి?" అంది కనకవ్వ.

"అమ్మిన."

"మక్కచేను ఎండుతుంటే ఎడ్లమ్ముతవా? బాయి మీద మోట ఎవలు గొడుతరు, మీ తాత లేచొచ్చి గొడుతడా?"

భూమన్న అరుగు మీద కూలబడ్డాడు. "అరువకు కనకీ. నా గుండె ఖరాబైంది."

ఆమె గబగబా అతని దగ్గరికొచ్చింది. మొన్న ధర్మపురిలో డాక్టరు ఇద్దరి ఛాతీ మీదా గొట్టం పెట్టి చూశాడు. ఆమెను బయట కూర్చోమని మగనితో చాలాసేపు మాట్లాడాడు. నీది ఉత్త నీరసమే అంటూ భూమన్న ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు.

"ఏమన్నడు డాక్టరు?"

"గుండెకు నెత్తురు పారే నరాలు సన్నబడ్డయట. నెత్తురందక గుండె ఎండిన మోట తోలు లెక్క బిర్రుగైందట. ఎండిన మోట బాయిల మునిగినా ఇప్పుకుంటదా? సగమే నిండుతది. గుంజుడు గుంజుతనే ఉంటది. నిండంది ఏం తోడుతది? ఎనుకకు తన్నిన నెత్తురు ఊపిరికి అడ్డం పడ్తదట."

ఆనాటి నుంచి కనకవ్వకు భయమే తిండి, భయమే నిద్ర. గబగబా నడిస్తే "ఉరకకు, నా గుండె దడదడమంటది" అనేవాడు. ఆమె అడుగులు మెల్లగయ్యాయి. నీళ్లబిందె ఎత్తబోతే "నన్ను ఇడిచి పోకు" అనేవాడు. ఉప్పు పడదన్నాడు. ఒకటే కుండ కాబట్టి ఆమే చప్పిడి తిన్నది. గోళీ చేదన్నాడు. "నువ్వొకటి మింగితేనే నేను మింగుత." చంటిపిల్లవాణ్ణి బుజ్జగించినట్టు ఆమె ముందు మింగేది.

రాత్రి పడుకుంటే ఆమెకు ఊపిరాడేది కాదు. మగడు ఏమవుతాడోనన్న బెంగే అనుకుని, గోడకు ఒరిగి అతని ఛాతీ లేచి పడుతుందో లేదో చూస్తూ కూర్చునేది.

"పెండ్లాన్ని కావలి పెట్టుకొని పండిండు, నవాబు!" అని పక్కింటి ఐలవ్వ నవ్వింది. కనకవ్వ చీపురు తిరగేసింది.

శనివారం కంపౌండరు ఇబ్రాహీం సైకిలు మీద గోళీలు తెచ్చాడు. భూమన్న చావడి దగ్గరికి పోయి ఉన్నాడు. కనకవ్వ సైకిలు పట్టుకుంది.

"అన్నా, నీ కాల్మొక్త. నిజం జెప్పు. మా ఇంటాయన బతుకుతడా?"

"భూమన్నకేమైంది? ఇంకో జత ఎడ్లకు సరిపోతడు." ఇబ్రాహీం మందుల చిట్టీ ఆమె చేతిలో పెట్టాడు. "నీకెట్లున్నది చెల్లె? పండుకుంటే ఊపిరాడుతుందా? చిట్టీల ఉన్నది నీ పేరే గదా."

వాకిట్లో చెప్పుల చప్పుడయింది. భూమన్న ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వస్తున్నాడు.

"కనకీ, ఆయాసమైతాంది. జర నా పక్కన కూసో."

ఆమె చిట్టీ కొంగున ముడేసి, మెల్లగా పోయి కూర్చుంది. ఆ ముడి ఇంకా విప్పలేదు.