నడుం లోతు చిత్తడి

ఊళ్లో ఏ చిత్తడి నేలలు విలువైనవో తేల్చి, వాటిలో ఇటుక పడకుండా కాపాడాలని పురపాలక సంఘం తీర్మానించింది. మార్కులు వేసే పని సర్వేయరమ్మది. బస్టాండు వెనక చిత్తడికి మాత్రం ఒక్క మార్కూ పడకూడదని చైర్మన్ పట్టు. ఆయనకి అక్కడ షాపింగ్ కాంప్లెక్సు కావాలి. పైగా సర్వేయరమ్మకి స్వయానా అక్క మొగుడు.

“దీన్ని చిత్తడంటారేంటమ్మా? వాన పడితే నాలుగు రోజులు తడి, అంతే. దోమలకి కూడా గిట్టుబాటు కాదు,” అన్నాడు, కొత్త బూట్లతో గట్టు మీద నిలబడి. వెనక సభ్యులందరూ తలలూపారు.

“వాన పడి ఐదు నెలలైంది బావగారూ. ఊరి వరదంతా తాగేది ఇదే. ఆ జమ్ముగడ్డి వైపు మాత్రం వెళ్లకండి, దిగబడిపోతారు.”

“నేనా?”

“వద్దు బావగారూ.”

“గట్టి నేల! చూడండి,” అంటూ దిగాడు. నాలుగో అడుగుకి నడుం దాకా కూరుకుపోయాడు. రెండు కొంగలు లేచి, ఆయన్ని చూసి, మళ్లీ వాలాయి.

సభ్యులు తాడు కోసం పరిగెత్తారు. సర్వేయరమ్మ టేపు తీసింది.

“ముందు లాగు తల్లీ!”

“కదలకండి, కొలుస్తున్నా. ఎండాకాలంలో నడుం లోతు ఉంటే ఇరవై మార్కులు.”

అందరూ కళ్లారా చూశాక కాదనేవాడెవడు? కాపాడాల్సిన నేలల జాబితాలో ఆ చిత్తడే మొదట నిలిచింది.

సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. “అక్కా, నువ్వు చెప్పినట్టే అటు వెళ్లొద్దని రెండుసార్లు అన్నాను.”

“మరి! ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో పనులన్నీ అలాగే అవుతున్నాయి,” అంది అక్క, బకెట్లో మొగుడి ప్యాంటు నానబెడుతూ.