గంతలు కట్టుకున్న చదువు

అనుమానం ఆగక వెండెల్ గంట ముందే ఇంటికొచ్చాడు. మంచు బూట్లు విప్పి వంటింట్లోకి తొంగిచూశాడు. భార్య నోరీన్ కళ్లకు గంతలు కట్టుకుని, గరుకు కాగితంలోంచి కత్తిరించిన అక్షరాలను వేళ్లతో తడుముతోంది. పక్కన నాలుగేళ్ల కూతురు.

అతన్ని చూడగానే పాప అక్షరాలను ఒళ్లో దాచేసింది.

“నెలరోజులుగా చూస్తున్నా. కారు తియ్యవు. నేనొస్తే మాటలాపేస్తారు. నా దగ్గర ఏం దాస్తున్నావు?”

“పాపకి చదువు నేర్పిస్తున్నా, అంతే.”

“అబద్ధం! నేనే అమ్మకి నేర్పిస్తున్నా,” అంది పాప. “ఎండాకాలానికి అమ్మకి కళ్లు కనపడవంట. డాక్టర్ చెప్పింది. నీకు చెప్పొద్దంది అమ్మ.”



నోరీన్ గంతలు విప్పలేదు. చేతులు చాచింది.

“ఇలా రా. అక్షరాలు వేళ్లకొచ్చేశాయి. నీ మొహమే ఇంకా రాలేదు.”